మైనం చుట్టిన రాయితో నాంపల్లికి

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా కాకినాడలో ప్రతివాళ్ళూ అడిగే మొదటి మాట, చార్మినార్ ఎక్కావా అని. ఎక్కలేదు. గోల్కొండ చూడలేదు, ముత్యాలు కొనలేదు, బిర్యానీ తిన్నాను గానీ రుచి గుర్తులేదు. ఉన్నన్ని రోజులూ నేను చూసుకున్నది ఒక రాయిని. అరచేతిలో పట్టేంత రాయి. ఈ మాత్రం దానికి యాత్ర గురించి రాయడం ఎందుకని మా తమ్ముడు ఎగతాళి చేశాడు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రాయిని ఒళ్ళో పెట్టుకుని తిరగబట్టే నాంపల్లి, ఆబిడ్స్ నాకు అలా కనబడ్డాయి.

ముందు రాయి సంగతి చెప్పాలి. నేల అడుగున రాతిలో చమురు, నీరు కలిసి ఎలా ప్రవహిస్తాయన్నది నా చదువు. చమురంటే భూమి కింద చెరువులా నిండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ఇసుకరాతి రేణువుల మధ్య కంటికి కనబడని సందులుంటాయి. వాటిలో నీరూ చమురూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ సర్దుకుని ఉంటాయి. నెయ్యి పీల్చిన ఇడ్లీ మీద సాంబారు పోస్తే ఎంత నెయ్యి పైకి తేలుతుంది, ఎంత ఇడ్లీలోనే ఉండిపోతుంది? నా పరిశోధన మొత్తం అదే. ఇడ్లీ బదులు రాయి, అంతే తేడా.

ఆ రాయి చాలా లోతు బావిలోంచి తీసింది. ఆ బావిని తరవాత మూసేశారు. నాకు మూడు ముక్కలు ఇచ్చారు. ఒకటి కోస్తుంటే పగిలింది. రెండోది కరెంటు పోయి, పంపు ఆగి, మేం చూసుకునేలోపు ఎండిపోయింది. మిగిలింది ఈ ఒక్కటే. దీనికి ఉప్పునీరు పట్టించి, తరవాత చమురు ఎక్కించి, రాతిగోడలకు చమురు అలవాటుపడేదాకా వారాల తరబడి వెచ్చగా ఉంచాం. ఇక దానికి గాలి తగలకూడదు. లోపల ఉండవలసినవి నీరు, చమురు రెండే. గాలి దూరితే మూడోది చేరినట్టు, పరీక్ష చెడినట్టు. అందుకని ప్లాస్టిక్ పొర చుట్టి, దానిపైన అల్యూమినియం కాగితం చుట్టి, కరిగిన మైనంలో మళ్ళీ మళ్ళీ ముంచి తెల్లటి ముద్ద చేశాం. పరీక్ష చేసే యంత్రం మా కాలేజీలో లేదు, హైదరాబాదులో ఉంది. ఇది పాడైతే నాలుగో ముక్క లేదు. నా డాక్టరేటూ లేదు.

నేను అసలే భయస్తురాలిని. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వెళ్ళే రకం. అలాంటిదాని చేతికి ఆ రాయి ఇచ్చి పంపారు.

కాజీపేట దాటాక

రాయిని టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో గుడ్డ చుట్టి పెట్టాను. పైగిన్నెల్లో ఏమీ లేవు. తెల్లవారాక కాజీపేటలో ఒక పెద్దావిడ సీతాఫలాల గంపతో ఎక్కి నా ఎదుట కూర్చుంది. నాంపల్లిలో దిగి మార్కెట్టుకు పోతుందట. మా వైపు సీతాఫలాలు పిందెల్లా ఉంటాయి, ఇవి ఒక్కోటి పిడికిలికి రెండింతలు.

చాలాసేపు నన్నే చూసి అడిగింది. "గా గిన్నెల ఏమున్నది బిడ్డా, గంత గట్టిగ వట్టుకున్నవ్?"

"రాయండి."

"రాయా?"

"అవునండి. దెబ్బ తగలకూడదు. గాలి తగలకూడదు."

ఆవిడ కాస్త జరిగి కూర్చుంది. తరవాత గంపలో వెదికి బాగా పండిన కాయ తీసి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే వద్దంది.

"తిను బిడ్డా. నాంపల్లిల దర్గ ఉన్నది. గాడ ఒక్కరాత్రి నిద్రజేస్తే ఎసొంటి ఫికరైనా పోతది. మా ఆడిబిడ్డకు గట్లనే పోయింది."

నాకు పిచ్చి అని ఆవిడ అనుకుందని బండి దిగాక గానీ నాకు తట్టలేదు. పండు మాత్రం చాలా తీపి.

నాంపల్లి

మా అమ్మ నర్సు ట్రైనింగులో ఉన్నప్పటి స్నేహితురాలు రాహేలమ్మ పెద్దమ్మ. ఆమెది మెదక్. మిషన్ ఆసుపత్రిలో చేసి రిటైరై, స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. మా పెదనాన్న, అదే ఆమె భర్త, పోయి అప్పటికి చాలా ఏళ్ళు. స్టేషన్ నుంచి నడిస్తే దగ్గరే. ఆటో అతను మాత్రం నా యాస విని ఊరంతా తిప్పి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఆ డబ్బుకు మా ఊళ్ళో రిక్షాలో రేవుదాకా పోయి రావచ్చు.

దిగిన గంటలోనే నా పెదాలు పగిలాయి. మాది సముద్రపు గాలి, ఉప్పు డబ్బాలోనే నీరు కారుతుంది. ఇక్కడ ఉతికిన చీర ఆరేసి లోపలికి వచ్చేసరికి పెళపెళలాడుతోంది. అందరూ హాయిగా ఉందనుకునే ఆ పొడిగాలి నాకు శత్రువులా తోచింది. నా పెదాలే ఇలా పగిలితే మైనం మాట ఏమిటి?

మధ్యాహ్నం లక్డీకాపూల్‌లో ఉన్న ప్రయోగశాలకు రాయి తీసుకుని పరుగెత్తాను. పాత బంగళా, ఎత్తయిన పైకప్పు. యంత్రం చూసే జాఫర్ సారు నెమ్మదైన మనిషి. "మీ నంబర్ సోమవారం అమ్మా. మా దగ్గర పెట్టుకుందామంటే చల్లటి గదిలో జాగా లేదు. పరేషాన్ కావొద్దు, ఇంట్లో చల్లగ ఉన్న తావున పెట్టుకోండి," అన్నారు. పరేషాన్ కావొద్దంటే కాకుండా ఉండే మనిషినైతే నాకు బి.పి. ఎందుకు వస్తుంది?

ఇంటికి తిరిగొచ్చి క్యారియర్‌ను అల్మారాలో పెట్టాను. అల్మారా పడమటి గోడకు ఉంది, సాయంత్రానికి గోడ వేడెక్కింది. తీసి మంచం కింద పెట్టాను. మంచం కింద ఎలుక తిరిగిన ఆనవాళ్ళున్నాయి, మళ్ళీ అల్మారాలోకే చేర్చాను. పెద్దమ్మ నవ్వింది. "గా రాయి యాడికి పోతది బిడ్డా. నువ్వు జర అన్నం తిను."

ఆ ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు వంటగదిలో మంచినీళ్ళ కుండ వెనక మూల. ఆ మూలనే ఒక వెదురుబుట్ట అడుగున కొన్ని మైనం ముక్కలున్నాయి. కరెంటు పోయినప్పుడు కాల్చి మిగిలినవి, పుట్టినరోజు కేకు మీదివి, చర్చిలో సగం కాలినవి. సమాధుల పండుగ దగ్గర పడింది కదా, చర్చివాళ్ళంతా ఇళ్ళలో మిగిలిన మైనం తెచ్చి పెద్దమ్మ ఇంట్లో పడేసి పోతారు. ఆమె కరిగించి, దారం పెట్టి, బొప్పాయి ఆకు కాడల్లో పోసి కొవ్వొత్తులు చేసి అందరికీ పంచుతుంది. మా వైపు సమాధులకు సున్నం కొట్టి, కొట్లో కొన్న కొవ్వొత్తుల పెట్టె విప్పి వెలిగిస్తాం, అంతే. ఇది పెదనాన్న మొదలుపెట్టిన పద్ధతట. అందరి ఇళ్ళ వెలుతురూ అందరి సమాధుల మీదా ఉండాలని ఆయన అనేవాడట.

శనివారం ఉదయం నా పరిశోధన చూసే గైడుకు ఫోను చెయ్యాలి. రాయిని వెంట తీసుకుపోతే ఎండ, వదిలిపోతే వేడిగోడ. ఆలోచించి ఆలోచించి, పెద్దమ్మ పెరట్లో ఉన్నప్పుడు క్యారియర్‌లోంచి తీసి కుండ వెనక మూలలో పెట్టాను. ఖాళీ క్యారియర్‌ను అల్మారాలోనే ఉంచాను. ఆమెతో చెప్పలేదు. చెబితే మళ్ళీ నవ్వుతుందని సిగ్గేసింది.

ఆబిడ్స్

మా ఊళ్ళో ఏడింటికే కొట్లు తెరిచి నీళ్ళు జల్లుతారు. ఆబిడ్స్‌లో తొమ్మిదైనా షట్టర్లు దించే ఉన్నాయి. ఎస్టీడీ బూతు ఒక్కటి తెరిచి ఉంది. గైడు ఎత్తగానే అడిగింది ఒక్కటే, "రాయి ఎలా ఉంది?" నేనెలా ఉన్నానని అడగలేదు. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతుంటే నాకు మాట తడబడింది. బాగానే ఉంది సార్ అని పెట్టేశాను. తరవాత ఇరానీ హోటల్లో చాయ్ తాగాను. బిస్కెట్లు అడక్కుండానే ప్లేటు నిండా తెచ్చి పెడతారు. తిన్నవాటికే డబ్బు, మిగతావి వెనక్కి తీసుకుంటారు. అది తెలియక, పెట్టినవన్నీ నావేననుకుని కష్టపడి తినేశాను. వడ్డించినాయన వింతగా చూశాడు.

ఇంటి గుమ్మంలోకి రాగానే మైనం కరిగే వాసన వచ్చింది. కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నె, దాని ముందు పీట మీద పెద్దమ్మ. ఆమె చేతిలో పట్టకారు, పట్టకారులో వెండిలా మెరిసే ముద్ద.

"నీరజా, జూడు బిడ్డా. గీ మైనంల కాయితం ఎల్లింది. ఎవరు వెట్టిన్రో ఏమో. అసలు గింత పెద్ద ముద్ద ఎవరు తెచ్చిన్రో గూడ తెల్వది."

గడపలోనే కూర్చుండిపోయాను.

"నా రాయి, పెద్దమ్మా."

"నీ రాయి గిన్నెల ఉన్నది గద, అల్మార్ల."

"లేదు. నేనే తీసి అక్కడ పెట్టాను."

ఆమె పట్టకారు వంక చూసింది, నా వంక చూసింది. గబగబా స్టవ్వు ఆర్పింది. అప్పుడు నాకు కోపం పొంగుకొచ్చింది. "ముట్టుకునే ముందు అడగొద్దా? దీన్ని చూసుకోడానికేగా నేనిక్కడ పడివున్నది," అన్నాను. అమ్మ వయసు మనిషితో అలా మాట్లాడటం నాకు అదే మొదలు.

"నాతోని ఒక్కమాట చెప్తే ఏంబోతుండె బిడ్డా," అంది ఆమె. గట్టిగా కూడా అనలేదు.

ముద్దను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాను. కాగితం అంచు ఒకచోట లేచి ఉంది. ఆ అంచులోంచి ఏం లోపలికి పోయిందో, ఏం బయటికి వచ్చిందో తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే తోచింది, తూకం. మైనంలో ముంచకముందు దాని బరువు ఎంతో నాకు కంఠతా వచ్చు. లోపలిది ఆరిపోయి ఉంటే ఆ మేరకు తగ్గాలి. కూరగాయల కాటా పనికిరాదు.

పెద్దమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. "ఆబిడ్స్ల మాకు తెల్సిన అవుసలాయన ఉన్నడు. పా."

అవుసలాయన కాటా

ఆ కంసాలి దుకాణం అప్పుడే తెరిచాడు. అద్దాల పెట్టెలో బంగారం తూచే కాటా ఉంది. పెద్దమ్మ విషయం చెప్పగానే ఆయన రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ఇంకా బోణీ గాలే. బోణీ గాకుండ రాయిని కాటా మీద ఎట్ల వెట్టాలె? ఇయ్యాల శనివారం గూడ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రతి నిమిషం లోపలిది ఆరిపోతోందని నా బాధ. పెద్దమ్మ మాత్రం తీరిగ్గా తన కమ్మ తీసి గాజుపలక మీద పెట్టింది. "దీని సీల వదులైంది. కొత్తది వెయ్యి." ఆయన వేశాడు. డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. అప్పుడు లేచి ఫ్యాను ఆపాడు, గాలికి తూకం కదులుతుందని. నా ముద్దను సంచిలోంచి తీసి, బంగారం పెట్టినట్టే పదిలంగా కాటా మీద పెట్టాడు.

అంకెలు అటూ ఇటూ ఆడి నిలబడ్డాయి. తగ్గలేదు. కాస్త పెరిగింది.

"పెరిగింది గద. మంచిదే గదమ్మా," అన్నాడాయన.

మంచిది కాదు. కాగితం మడతల్లోకి మైనం దూరింది కాబట్టి పెరిగింది. దాని చాటున లోపల ఎంత తగ్గిందో ఇక ఏ కాటా చెప్పలేదు. అది ఆయనకు వివరించాను. ఆయన తల గోక్కున్నాడు.

"మా దాంట్ల తగ్గితే భయం. మీ దాంట్ల పెరిగినా భయమేనా?"

ఇంటికి రాగానే పెద్దమ్మ స్టవ్వు వెలిగించి, మైనం కరిగించి, "ఎన్ని మాట్లు ముంచాలె?" అంది. మందంగా పట్టాలి అన్నాను. పెద్దమ్మే లేచిన అంచు నొక్కి, పట్టకారుతో ముంచి, ఆరనిచ్చి, మళ్ళీ ముంచి, గిన్నె అడుగు కనబడేదాకా ముంచింది. మొదట తెల్లగా ఉన్న ముద్ద ఈసారి పుట్టినరోజు కొవ్వొత్తుల వల్ల గులాబీరంగు చారలతో తయారైంది. దాన్ని మళ్ళీ కుండ వెనకే పెట్టాం. ఈసారి ఇద్దరికీ తెలిసి.

సమాధుల పండుగ

ఆదివారం చర్చి అయ్యాక, సాయంత్రం సమాధుల తోటకు వెళ్ళాం. నా ధ్యాసంతా కుండ వెనకే ఉంది. మా వైపుకన్నా జనం ఎక్కువ. పిల్లలకు జామకాయలు, బఠాణీలు అమ్మేవాళ్ళతో గేటు దగ్గర తిరునాళ్ళలా ఉంది. చీకటి పడుతుంటే అన్ని సమాధుల మీదా కొవ్వొత్తులు వెలిగాయి. బొప్పాయి కాడల్లో పోసినవి కాబట్టి అన్నీ ఒక్కలాగే సన్నగా, కొంచెం వంకరగా ఉన్నాయి. అన్నీ పెద్దమ్మ చేతివే. వచ్చినవాళ్ళంతా ఆమెకు చేతులెత్తి దండం పెట్టి పోతున్నారు.

పెదనాన్న సమాధి మీద చామంతులున్నాయి. వెలుగు లేదు.

"మీరు వెలిగించలేదేం పెద్దమ్మా?"

"మైనం అయిపోయింది బిడ్డా."

అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. అందరివీ ముందే చేసి పంచేసింది. తనవి చివరన చేసుకుందామని దాచిన మైనమే ఆ గిన్నెలోది. అదంతా నా రాయికి చుట్టింది. నేను తూకం గురించీ, గాలి గురించీ ఏడ్చాను గానీ ఆ గిన్నె ఎవరి కోసం పొయ్యి మీద పెట్టిందో ఒక్కసారి అడగలేదు.

గేటు దగ్గర కొని తెస్తానని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "కొన్నయి వద్దు. మీ పెదనాన్న ఒప్పుకోడు. కూసో."

పక్క సమాధి వెలుతురు చామంతుల మీద కొంత పడుతోంది. ఆ వెలుతురులోనే ప్రార్థన చేసి వచ్చేశాం.

లక్డీకాపూల్

సోమవారం పెద్దమ్మ కూడా బయల్దేరింది. వద్దన్నా వినలేదు. ప్రయోగశాల వరండాలో బల్ల మీద బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని నాకు తెలుసు.

జాఫర్ సారు గులాబీ చారల ముద్దను చూసి కనుబొమలు ఎగరేశారు. జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. చాకుతో మైనం చెక్కడం మొదలుపెట్టారు. కిందపడే పెచ్చులన్నీ నేను ఏరి క్యారియర్‌లో వేసుకుంటున్నాను.

"ఇది కూడా టెస్ట్ చేయాల్నా?"

"లేదు సార్. ఇది వేరేవాళ్ళది."

కాగితం విప్పి, ప్లాస్టిక్ పొర తీసి, రాయిని ఉక్కు గొట్టంలో బిగించారు. ఒక కొస నుంచి పంపు నీటిని నెడుతుంది. రెండో కొసన సన్నటి గాజుగొట్టం. ముందు చమురు రావాలి. రాతిలో గాలి దూరి ఉంటే చమురు కన్నా ముందు బుడగల వెంట బుడగలు వస్తాయి. ఇక చేసేదేమీ లేదు, ఆ గాజుగొట్టం చూస్తూ కూర్చోవడమే.

పంపు నెమ్మదిగా గుర్రుమంటోంది. చాలాసేపటికి గాజుగొట్టంలో ఏదో కదిలింది. బుడగ.

"అయిపోయింది సార్," అన్నాను.

"జర ఆగమ్మా. అది మా పైపులోని గాలి. ఒక్కటైతే మాది. రెండోది వస్తే మీది."

రెండోదాని కోసం చూశాను. బుడగ మెల్లగా గొట్టం పైకి పోయింది. దాని వెనక ఖాళీ లేదు. గోధుమరంగు దారంలా చమురు వచ్చింది. చుక్క కట్టింది, రాలింది, ఇంకో చుక్క కట్టింది.

"మీది మంచిగనే ఉంది," అన్నారు జాఫర్ సారు. ఎంత వచ్చింది, ఎంత రాతిలో చిక్కుకుని మిగిలిపోయింది అన్న లెక్కలు వేరే చోట రాసుకున్నాను. ఆ క్షణానికి నాకు ఆ చుక్క చాలు. కళ్ళు తుడుచుకుని వరండాలోకి పరుగెత్తాను.

పెద్దమ్మ లేచి నిలబడింది. "వచ్చిందా?"

"వచ్చింది."

"ఔ మరి," అంది, ఏమంత వింత కానట్టు. కానీ బైబిలు సంచి చెయ్యి జారి కింద పడింది.

మళ్ళీ సమాధుల తోట

మధ్యాహ్నం ఇంటికొచ్చి నేనే స్టవ్వు వెలిగించాను. క్యారియర్‌లోని పెచ్చులన్నీ గిన్నెలో వేశాను. మా కాకినాడ మైనం, చర్చి మైనం, ఎవరెవరి పిల్లల పుట్టినరోజులదో మైనం, అన్నీ కరిగాయి. పెద్దమ్మ దారం పట్టుకుంటే కాడల్లో పోశాను. నాకు చేతకాక ఒకటి మధ్యలో బొజ్జ పెట్టింది.

సాయంత్రం తోటలో ఎవరూ లేరు. ఊడ్చేవాళ్ళు నిన్నటి వాడిన పూలను కుప్పలు పోస్తున్నారు. అన్ని సమాధుల మీదా కాలిపోయిన మైనం మరకలే. పెదనాన్నది ఒక్కటే శుభ్రంగా ఉంది. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కొవ్వొత్తులు వరసగా నిలబెట్టింది. బొజ్జ ఉన్నదాన్ని మధ్యలో పెట్టింది. గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుంటే ఇద్దరం చేతులు అడ్డం పెట్టాం.

వెలిగాక ఆమె సమాధి రాతిని పైటకొంగుతో తుడిచింది.

"ఇగో, ఒక్కరోజు లేటైంది. కోపం జెయ్యకు. పిల్లది పని ఉండె, అది అయినంక వచ్చినం."